సియాటిల్ చుట్టుపక్కల సరస్సులు, నదుల పాత పేర్లు – లషూట్‌సీద్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

నీటిచుక్క | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం బాతెల్‌లో ఉంటాం. మా వాడు నాలుగో తరగతి. స్కూల్లో ఇక్కడి ఆదివాసీ తెగల చరిత్ర చెప్తున్నారు. శుక్రవారానికి వాడొక మ్యాప్ గీసి తీసుకెళ్లాలి. ఇంటికి దగ్గర్లో ఉన్న ఐదు సరస్సులో, నదులో ఎంచుకుని, ఇక్కడ మొదట్నుంచీ ఉన్నవాళ్లు వాటిని ఏమని పిలిచేవారో, ఆ పేరుకి అర్థమేంటో రాయాలి.

మా ఇంటి వెనకాలే సమామిష్ నది. తొమ్మిదేళ్లుగా సాయంత్రాలు దాని గట్టునే నడుస్తున్నాం. "సమామిష్ అంటే ఏంటమ్మా?" అని వాడు అడిగేదాకా ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. మా ఊళ్లో అయితే ప్రతి చెరువుకీ, ప్రతి మడుగుకీ ఆ పేరెందుకు వచ్చిందో మా నాయనమ్మ చెప్పేది. ఇక్కడ ఇన్నేళ్లుగా ఎవరి నీళ్ల పక్కన నడుస్తున్నానో కూడా తెలుసుకోలేదని బాధేసింది.

నెట్‌లో వెతికితే ఒక్క లేక్ వాషింగ్టన్‌కే నాలుగు రకాల స్పెల్లింగులు. తలకిందులుగా ఉన్న అక్షరాలు, పక్కన చిన్న డబ్ల్యూ, ప్రశ్నార్థకంలాంటి గుర్తు. వాడు క్లాసులో చదివి వినిపించాలట. తప్పు పలికితే ఆ భాషవాళ్లని చిన్నబుచ్చినట్టు అవుతుందేమోనని వాడికంటే నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

పాతమ్యాపులు | సోమవారం, రాత్రి 10:25

నీటిచుక్క గారూ, మంచి ప్రశ్న వేశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో తెగల చరిత్రని స్కూళ్లలో తప్పనిసరి చేస్తూ 2015లో చట్టం వచ్చింది. మా అమ్మాయి చదివేటప్పుడు ఇది లేదు. నేను పాత మ్యాపులు చూస్తూ చూస్తూ ఈ పేర్లలో పడ్డాను.

లేక్ వాషింగ్టన్‌తో మొదలుపెడదాం. ఇక్కడి ఆదివాసీ తెగల భాష లషూట్‌సీద్‌లో దాని పేరు "హాచు". అర్థం సరస్సు, అంతే. ఊరి పక్కన ఒకే ఏరు ఉన్నవాళ్లు "ఏటికెళ్లొస్తా" అంటారు గానీ, ఏ ఏరో చెప్పరు కదా, అలాగన్నమాట. దాని ఒడ్డున ఊళ్లు కట్టుకుని బతికినవాళ్లు "హాచుఅబ్ష్", సరస్సువాళ్లు.

లేక్ యూనియన్ "హహాచు", చిన్న సరస్సు. ఈ భాషలో మాట మొదటి భాగాన్ని రెండుసార్లు పలికితే చిన్నదని అర్థం వస్తుంది. మనం "చిన్నచిన్న" అంటే చాలా ఉన్నాయని కదా, వాళ్లకి అలా కాదు, ఒక్కటే, కానీ చిన్నది.

ఇప్పుడున్న రెండు పేర్లూ ఒకే రోజు పుట్టాయి. 1854 జులై 4న ఇక్కడ కొత్తగా స్థిరపడ్డ తెల్లవాళ్లు పిక్నిక్‌కి చేరినప్పుడు థామస్ మెర్సర్ అనే ఆయన ఈ పేర్లు ప్రతిపాదించాడు. పెద్దదానికి మొదటి అధ్యక్షుడి పేరు. చిన్నదానికి యూనియన్ అని ఎందుకంటే, పెద్ద సరస్సునీ దీన్నీ సముద్రాన్నీ కలుపుతూ ఎప్పటికైనా ఒక కాలువ వస్తుందని ఆయన ఆశ. ఆ కాలువ నిజంగానే వచ్చింది. దానివల్ల ఏం జరిగిందో ఇక్కడ రెంటన్‌వాసి గారు నాకంటే బాగా చెప్పగలరు.

ప్యూజెట్ సౌండ్ అనే ఇక్కడి సముద్రపు పాయని కూడా మ్యాప్‌లో పెట్టుకోవచ్చు. దాని పేరు "హ్వల్చ్", అంటే ఉప్పునీరు. 1792లో వచ్చిన జార్జ్ వాంకూవర్ దానికి తన ఓడలోని అధికారి పీటర్ ప్యూజెట్ పేరు పెట్టాడు.

కొత్తగా_వచ్చా | సోమవారం, రాత్రి 11:02

నాకు తెలిసినవి కూడా కలుపుతాను. ఆల్కై, టక్విలా ఇవి లషూట్‌సీద్ పేర్లే కదా? లేక్ వాషింగ్టన్‌కి "హయాస్ చక్" అని, యూనియన్‌కి "టెనాస్ చక్" అని ఎక్కడో చదివాను. అవి కూడా రాయొచ్చేమో.

భాషాప్రియ | మంగళవారం, ఉదయం 7:15

కొత్తగా_వచ్చా గారూ, అవి లషూట్‌సీద్ కావండి. చినూక్ జార్గన్ అని వేరే మాట. ఈ తీరమంతా వ్యాపారం కోసం రకరకాల తెగలూ, తెల్లవాళ్లూ వాడుకున్న కలగలుపు భాష. అందులో చక్ అంటే నీళ్లు, హయాస్ పెద్ద, టెనాస్ చిన్న. ఆల్కై అంటే "ముందుముందు", టక్విలా అంటే ఒక రకం కాయ, హేజల్‌నట్. పిల్‌చక్ కూడా అంతే, ఎర్రనీళ్లు. బాబు మ్యాప్‌లో ఇవి రాస్తే టీచర్ సరే అనొచ్చు గానీ, అవి ఇక్కడివాళ్లు ఇంట్లో మాట్లాడుకున్న మాటలు కావు.

ఇప్పుడు సమామిష్ సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇక్కడ రోజూ మన నోట్లో నానే పేర్లు తీసుకోండి. సమామిష్, డువామిష్, సుక్వామిష్, స్నొహోమిష్, స్కైకోమిష్, స్టిలగ్వామిష్. అన్నిటి చివరా "మిష్" ఉంది. లషూట్‌సీద్‌లో అది "అబ్ష్". ఫలానా చోటివాళ్లు అని అర్థం. మనం కోనసీమవాళ్లు, పల్నాడువాళ్లు అన్నట్టు. అంటే ఇంగ్లీషులో నదికి పేరుగా మిగిలినవన్నీ అసలు ఆ నది ఒడ్డున ఉన్న మనుషుల పేర్లు. డువామిష్ అంటే "ద్హ్వ్‌దవ్అబ్ష్", లోపలివాళ్లు, సముద్రం నుంచి లోపలికి ఉన్నవాళ్లు. స్కైకోమిష్ ఎగువవాళ్లు. సుక్వామిష్ తేట ఉప్పునీటి చోటివాళ్లు. స్టిలగ్వామిష్ నదివాళ్లు, ఎందుకంటే "స్తులక్వ్" అంటేనే నది.

మరి "అబ్ష్" కాస్తా "మిష్" ఎలా అయింది? ఇక్కడే అసలు చమత్కారం. లషూట్‌సీద్‌లో మ, న లేవు! ముక్కుతో పలికే శబ్దమే లేదు. ప్రపంచంలో ఇలాంటి భాషలు చాలా అరుదు, ఈ ప్రాంతంలోనే మరికొన్ని ఉన్నాయి, మకా, క్విల్యూట్ లాంటివి. పూర్వం లషూట్‌సీద్‌లోనూ మ, న ఉండేవి. 19వ శతాబ్దంలో అవి మెల్లగా బ, ద లుగా మారాయి. తెల్లవాళ్లు పేర్లు రాసుకున్నది ఆ మార్పు పూర్తికాక ముందు. అందుకే ఇంగ్లీషు స్పెల్లింగులో పాత మ, న అలాగే నిలిచిపోయాయి. స్నొహోమిష్‌ని ఆ తెగవాళ్లు ఇప్పుడు "స్దుహుబ్ష్" అంటారు, స్నొక్వాల్మీని "స్దుక్వల్బిహ్వ్" అంటారు. న ఉన్న చోట ద, మ ఉన్న చోట బ. ఒక్కసారి ఈ లెక్క పట్టుకుంటే హైవే బోర్డులు చదవడమే మారిపోతుంది.

ఒక జాగ్రత్త. "మిష్" ఉన్న ప్రతి పేరూ లషూట్‌సీద్ కాదు. స్కొకోమిష్ పక్క భాష త్వానాది. రెండూ ఒకే సేలిష్ కుటుంబం, తెలుగు, కన్నడం లాగా.

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 8:50

భాషాప్రియ గారూ, పద్నాలుగేళ్లుగా ఈ బోర్డుల కింద నుంచే ఆఫీసుకి వెళ్తున్నాను. ఈరోజు 405 మీద వెళ్తూ ప్రతి పేరులో మ తీసేసి బ పెట్టి చదువుకున్నాను!

ఒక సందేహం. మ, న లేకపోతే పిల్లలు అమ్మని ఏమని పిలుస్తారు?

భాషాప్రియ | మంగళవారం, మధ్యాహ్నం 12:10

తల్లి "స్క్వుయ్", తండ్రి "బాద్". ఇంకో ముచ్చట. పాత కథలు చెప్పేటప్పుడు బొంతకాకి పాత్ర మాట్లాడితే మాత్రం ఆ నోట మ, న వినిపిస్తాయి. మామూలు మాటల్లోంచి వెళ్లిపోయిన శబ్దం కథలో దాక్కుని మిగిలింది.

నీటిచుక్క గారి ఉచ్చారణ టెన్షన్‌కి వద్దాం. తెలుగువాళ్లకి ఇందులో కొన్ని శబ్దాలు తేలిక, కొన్ని కష్టం.

తేలికైనది ముందు. జడలో జ, జీతంలో జ ఒకటి కావు కదా. చాపలో చ, చేపలో చ కూడా అంతే. పాత పుస్తకాల్లో మొదటిదాని మీద చిన్న రెండు అంకె పెట్టి ౙ, ౘ అని రాసేవారు. లషూట్‌సీద్‌లో ఈ రెండు జతలూ విడివిడిగా ఉన్నాయి. ఇంగ్లీషు పిల్లలు తడబడే చోట మన పిల్లాడు సులువుగా దాటేస్తాడు. ఒక్కటే చిక్కు, ఆ జడలో జ తర్వాత మనకి "ఈ" రాదు, వాళ్లకి వస్తుంది. సియాటిల్ డౌన్‌టౌన్ ఉన్న చోటి పాత పేరు "ౙీౙలాలిచ్", అటు నుంచి ఇటు దాటే చిన్న చోటు అని అర్థం. ఇందులోనూ చూడండి, మొదటి భాగం రెండుసార్లు వచ్చింది, చిన్నదని చెప్పడానికి. సముద్రం ఒడ్డున రోడ్డుకి ఈ పేరు గౌరవంగా పెట్టి బోర్డులు కూడా కట్టారు.

హాచులో "హ" మన హ కాదు. ఉర్దూ బాగా తెలిసినవాళ్లు "ఖాన్" అనేటప్పుడు గొంతు వెనక నుంచి ఒరుసుకుంటూ వస్తుందే, దానికంటే ఇంకా లోపలి నుంచి. ప్రశ్నార్థకం లాంటి గుర్తు అంటే గొంతు ఒక్క క్షణం మూసి తెరవడం. చిన్నపిల్లలు ఏదైనా ముట్టుకోబోతే మనం "అ..అ" అని వారిస్తాం చూడండి, ఆ రెండు అ ల మధ్య వచ్చే ఆగుడు అదే. హాచు చివర కూడా అలా టక్కున ఆపాలి. ఎల్ మీద గీత ఉన్న అక్షరం వస్తే నాలుకని ల కోసం పెట్టి, గొంతు వాడకుండా రెండు పక్కల నుంచి గాలి ఊదమనండి.

ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నవన్నీ దగ్గర దగ్గర ఉచ్చారణలే. మ్యాప్ మీద మాత్రం వాళ్ల లిపిలోనే రాయించండి. ట్యులేలిప్, ప్యుయాలప్ తెగల భాషా విభాగాలు ఆడియోలు పెట్టాయి, వాటిని విని పలకడం నేర్పించండి.

రెంటన్‌వాసి | మంగళవారం, రాత్రి 10:48

పాతమ్యాపులు గారు నన్ను పిలిచారు కాబట్టి రాస్తున్నాను. ఇరవై ఏళ్ల పైగా రెంటన్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఇంటి నుంచి కాస్త దూరంలోనే ఒక నది చచ్చిపోయింది. ఆ సంగతి నాకు ఇక్కడికి వచ్చిన పదకొండేళ్ల దాకా తెలీదు.

ఇప్పుడు లేక్ వాషింగ్టన్ నీళ్లు ఉత్తరాన మాంట్‌లేక్ కాలువ గుండా లేక్ యూనియన్‌లోకి, అక్కడి నుంచి బాలర్డ్ లాకుల మీదుగా సముద్రంలోకి పోతున్నాయి. 1916కి ముందు ఇలా లేదు. సరస్సు నీళ్లు దక్షిణం వైపు, రెంటన్ దగ్గర బయటికి వచ్చేవి. ఆ ప్రవాహమే బ్లాక్ రివర్. దానిలో సీడర్ నది కలిసేది. తర్వాత అది గ్రీన్, వైట్ నదుల నీళ్లతో కలిసి డువామిష్‌గా సముద్రానికి చేరేది. ఒడ్డునంతా డువామిష్ ఊళ్లు ఉండేవి. సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఈ దారినే ఎక్కి సరస్సులోకి, సరస్సు నుంచి సమామిష్ నది దాకా వెళ్లేవి.

ఆ చోటికి జార్గన్‌లో "మాక్స్ లా పుష్" అనే పేరు కూడా ఉండేది, రెండు నోళ్లు అని. పెద్ద వరద వస్తే బ్లాక్ రివర్ వెనక్కి, సరస్సులోకి పారేది. అందుకే దానికి రెండు నోళ్లు. ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు ఈ నదిని చూస్తున్నట్టే అనిపించింది.

తర్వాత పదేళ్లలో నీళ్లన్నీ తలకిందులయ్యాయి. 1906 వరదలో వైట్ నది దారి మారి దక్షిణాన ప్యుయాలప్ వైపు పోయింది, దాన్ని మళ్లీ ఇటు రానివ్వలేదు. 1912లో సీడర్ నదిని నేరుగా లేక్ వాషింగ్టన్‌లోకి తిప్పారు. 1916లో మాంట్‌లేక్ దగ్గర కట్ట తెంచి సరస్సుని కాలువలోకి వదిలారు. సరస్సు మట్టం దాదాపు 9 అడుగులు దిగిపోయింది. సరస్సు దిగేసరికి బ్లాక్ రివర్‌కి నీళ్లు అందలేదు. నది ఆగిపోయింది.

ఆ రోజులు చూసిన ఒక డువామిష్ పెద్దాయన తర్వాత చెప్పిన మాటలు నేను చదివాను. నీళ్లు దిగుతూ దిగుతూ పోయి, తమ పడవలు పొడి నేల మీద నిలబడ్డాయట. మిగిలిన గుంటల్లో చేపలు కొట్టుకుంటుంటే చుట్టుపక్కల జనం నవ్వుతూ కేకలు వేస్తూ గోనెసంచుల్లో నింపుకెళ్లారట. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీటిచుక్క గారూ, నా విన్నపం ఒకటే. బాబు మ్యాప్‌లో ఐదో నదిగా బ్లాక్ రివర్‌ని పెట్టండి. ఇప్పుడు లేని నదిని గీయడం కష్టమే, చుక్కల గీత గీయమనండి.

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 11:30

రెంటన్‌వాసి గారూ, రెండుసార్లు చదివాను. మా ఆఫీసు కిటికీలోంచి కనిపించే సరస్సు ఒకప్పుడు తొమ్మిదడుగులు ఎత్తున ఉండేదని ఊహించుకుంటుంటే మాట రావడం లేదు.

నీటిచుక్క | బుధవారం, ఉదయం 6:55

మా వాడికి మీ పోస్టు చదివి వినిపించాను. "మరి చేపలు తర్వాత ఏ దారిన వెళ్లాయి?" అని అడిగాడు. ఎవరైనా చెప్పగలరా? బ్లాక్ రివర్ తప్పకుండా పెడతాం.

పాతమ్యాపులు | బుధవారం, ఉదయం 9:20

బాబుకి చెప్పండి, ఇప్పుడు బాలర్డ్ లాకుల దగ్గర చేపల కోసం కట్టిన మెట్ల గుండా ఎక్కుతున్నాయి. అక్కడ అద్దాల గదిలోంచి చూడొచ్చు కూడా. తీసుకెళ్లండి, ఎండాకాలంలో వెళ్తే బాగా కనిపిస్తాయి.

ఆ దారిలోనే మూడు మంచి పేర్లున్నాయి. లాకులు దాటి బయట ఉన్నది షిల్‌షోల్. లషూట్‌సీద్ మాట, లోపలికి దూర్చినట్టు, పూసలోకి దారం ఎక్కించినట్టు అనే అర్థం చెప్తారు. సముద్రం నుంచి లోపలికి సన్నటి దారి ఉన్న అఖాతం అది, మ్యాప్‌లో చూస్తే సూదిలో దారమే గుర్తొస్తుంది. మాంట్‌లేక్ దగ్గర కాలువ తవ్వకముందు రెండు సరస్సుల మధ్య సన్నటి నేల ఉండేది. ఆ చోటి పేరుకి "పడవ మోసుకెళ్లేది" అని అర్థం. పెద్ద సరస్సులోంచి పడవని ఎత్తి, భుజాన మోసి, చిన్న సరస్సులో దించేవారు. ఇప్పుడు యూనివర్సిటీ విలేజ్ షాపింగ్ సెంటర్ ఉన్న చోటికి దగ్గర్లో ఒక ఊరుండేది, "స్లుʼవిల్", చిన్న పడవల పాయ. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ తన క్యాంపస్‌లో ఒక వీధికి ఇప్పుడు ఆ పేరే పెట్టింది. సరస్సు దిగిపోయాక ఆ పాయ ఎండిపోయింది, నేల మీద బిల్డింగులు వచ్చాయి. చెప్పులు కొనుక్కుని బయటికి వచ్చి కారు ఎక్కే చోట ఒకప్పుడు పడవలు తిరిగేవి.

ఇవన్నీ మనకి ఎలా తెలుసంటే, 1920 ప్రాంతంలో టి. టి. వాటర్‌మన్ అనే మానవశాస్త్రవేత్త అప్పటికి బతికున్న పెద్దవాళ్లని అడిగి ఈ తీరమంతటా వందల పేర్లు రాసుకున్నాడు. ఆయన రాసిన శబ్దాలు అన్నిచోట్లా సరిగ్గా లేవు. చాలా ఏళ్ల తర్వాత అప్పర్ స్కాజిట్ తెగ పెద్దావిడ వై హిల్బర్ట్, మరికొందరు కూర్చుని వాటిని సరిచూసి 2001లో పుస్తకంగా తెచ్చారు. హిల్బర్ట్ గారు 1918లో పుట్టి 2008లో వెళ్లిపోయారు. యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఈ భాష నేర్పారు. 1994లో వచ్చిన నిఘంటువులో కూడా ఆవిడ చేయి ఉంది. ఈ భాషని ఇంట్లోనే నేర్చుకుంటూ పెరిగిన తరం దాదాపుగా వెళ్లిపోయింది. ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలు ఆవిడ, ఆవిడతోటివాళ్లు దాచిపెట్టిన మాటలతోనే నేర్చుకుంటున్నారు. బర్క్ మ్యూజియంవాళ్లు పాత తీరరేఖలతో ఒక మ్యాప్ కూడా చేశారు, వాటర్‌లైన్స్ అని. బాబుకి అది చూపించండి, పని సగం అయిపోతుంది.

భాషాప్రియ | బుధవారం, మధ్యాహ్నం 1:05

పాతమ్యాపులు గారి మాటకి ఒకటి కలుపుతాను. ఈ భాషలో ఒంటి భాగాల పేర్లు మాట చివర చేరి నేలకీ నీళ్లకీ పేర్లవుతాయి. ముక్కు అనే ప్రత్యయం చేరితే నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల. ఆల్కై పాయింట్ అసలు పేరు "గడ్డి మైదానం ముక్కు". సీవర్డ్ పార్క్ ఉన్న నేల కూడా ముక్కే. అడుగు భాగం అనే ప్రత్యయం చేరితే నది సముద్రంలో కలిసే వైపు. ప్యుయాలప్‌లో చివర ఉన్నది అదే, కింద వంపు తిరిగినది అని అర్థం. లషూట్‌సీద్ అనే పేరు చివర "ఊసీద్" ఉంది చూడండి, అది నోరు. నోరంటే భాష కూడా.

సూటిమాట | బుధవారం, సాయంత్రం 6:40

అందరూ మంచి మనసుతో రాస్తున్నారు. కానీ నాకో మాట చెప్పాలనిపిస్తోంది, కోపగించుకోకండి.

డువామిష్‌వాళ్లు 1855లో అమెరికా ప్రభుత్వంతో పాయింట్ ఇలియట్ ఒప్పందం మీద సంతకం చేశారు. మొదటి సంతకం సియాటిల్ అనే నాయకుడిదే, ఊరికి పెట్టింది ఆయన పేరే. అయినా ఈ రోజుకీ ఫెడరల్ ప్రభుత్వం డువామిష్ తెగని గుర్తించలేదు. 2001లో క్లింటన్ పదవి దిగే ముందు గుర్తింపు ఇచ్చినట్టే ఇచ్చి, కొత్త ప్రభుత్వం రాగానే వెనక్కి తీసుకున్నారు. వీధికి వాళ్ల మాట పెట్టి బోర్డు కట్టడం తేలిక. మన పిల్లలు మ్యాప్ మీద పేరు రాసి మార్కులు తెచ్చుకోవడం ఇంకా తేలిక. వాళ్లకి దక్కిందేంటి?

రెంటన్‌వాసి | బుధవారం, రాత్రి 9:15

సూటిమాట గారూ, కోపం ఎందుకండీ, మీరన్నదాంట్లో నిజముంది. గుర్తింపు విషయంలో ఇక్కడి తెగల మధ్య కూడా ఒకే మాట లేదు. డువామిష్ కుటుంబాల్లో చాలామంది మకుల్‌షూట్, సుక్వామిష్, ట్యులేలిప్ రిజర్వేషన్లకి, అంటే ఆ తెగలకి కేటాయించిన నేలలకి వెళ్లి అక్కడ కలిసిపోయారు. మనం బయటివాళ్లం, తీర్పు చెప్పేవాళ్లం కాము.

కానీ పేర్లు ఉత్త అలంకారం అంటే నేను ఒప్పుకోను. ఆ ఒప్పందాల్లో, తమకి అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు తెగలు తమకే ఉంచుకున్నాయి. వందేళ్లకి పైగా ఆ హక్కుని ఎవరూ పట్టించుకోలేదు, వలలు వేసినవాళ్లని అరెస్టు చేశారు. 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చాడు, పట్టదగిన చేపల్లో సగం ఒప్పందం చేసుకున్న తెగలకి చెందాలని. ఆ కేసులో ఏ తెగ ఎక్కడ చేపలు పట్టేది అన్నది తేల్చాల్సి వచ్చింది. ఏ మలుపు దగ్గర ఎవరి వల ఉండేదో చెప్పడానికి పెద్దవాళ్ల జ్ఞాపకమే ఆధారం. చోటుకి పేరు లేకపోతే ఆ జ్ఞాపకం దేన్ని పట్టుకుని నిలబడుతుంది?

సూటిమాట | బుధవారం, రాత్రి 10:02

బోల్ట్ తీర్పు పేరు విన్నాను గానీ ఇలా ఆలోచించలేదు. ధన్యవాదాలు. అయినా ఒక్కటి. పిల్లాడు మ్యాప్‌లో పేర్ల పక్కన "ఒకప్పుడు ఉన్నవాళ్లు" అని రాయకూడదు. వాళ్లు ఇప్పుడూ ఉన్నారు. 2019లో స్నొక్వాల్మీ తెగ, అదే పేరున్న జలపాతం పక్కనున్న సేలిష్ లాడ్జ్ హోటల్‌నీ, చుట్టూ ఉన్న నేలనీ కొనుక్కుంది. ఆ జలపాతం వాళ్లకి పవిత్రమైన చోటు. మన చుట్టాలు ఇండియా నుంచి వస్తే మనం ముందు తీసుకెళ్లేది అక్కడికే. ఈసారి వెళ్లినప్పుడు ఆ మాట కూడా చెప్పండి.

నీటిచుక్క | బుధవారం, రాత్రి 10:30

సూటిమాట గారూ, నిజంగానే వాడు "ఒకప్పుడు" అని రాశాడు. ఇప్పుడే చెరిపించాను. చాలా థాంక్స్ అండి.

ఇంకా సమామిష్ అర్థమే తేలలేదు. ఇసక్వా అనే ఊరి పేరుకి పక్షుల కూత అని అర్థమని మా వాడికి ఎవరో చెప్పారు, అది రాయొచ్చా?

భాషాప్రియ | బుధవారం, రాత్రి 11:18

ఇసక్వా గురించి అర్థాలు చాలా ప్రచారంలో ఉన్నాయి, పక్షుల కూత, పాము, నీటి చప్పుడు అని. ఒకటే ఖాయమని చెప్పే ధైర్యం నాకు లేదు, వదిలేయమనండి. ఒకటి మాత్రం రాయొచ్చు. స్క్వాక్ అని తెల్లవాళ్లు పలికిందీ, ఇసక్వా అన్నదీ ఒకే మాటకి రెండు రూపాలు. లేక్ సమామిష్‌ని పూర్వం స్క్వాక్ లేక్ అనేవారు, మీ ఇంటి వెనక నదిని స్క్వాక్ స్లౌ అనేవారు. స్క్వాక్ కొండ ఇప్పటికీ ఉంది కదా. ఊరు 1892లో గిల్‌మన్ అనే పేరుతో మునిసిపాలిటీ అయింది, 1899లో ఇసక్వాగా మారింది. స్థానిక మాట తిరిగొచ్చిన అరుదైన సందర్భం ఇది.

సమామిష్‌ని లషూట్‌సీద్‌లో "స్ౘాబబ్ష్" అంటారు. వాటర్‌మన్ రాసుకున్న అర్థం: మెలికల దగ్గర ఉండేవాళ్లు. నది మెలికలు.

నీటిచుక్క | గురువారం, ఉదయం 7:05

మెలికలా? కానీ మా ఇంటి వెనక నది గీత గీసినట్టు తిన్నగా ఉంటుందండీ.

పాతమ్యాపులు | గురువారం, ఉదయం 8:12

ఇప్పుడు మెలికలు ఉండవు మరి. 1916లో సరస్సు దిగడంతో మీ నది చుట్టూ ఉన్న బురదనేలలు సగం ఎండాయి. 1960ల్లో ఆర్మీ ఇంజనీర్లు వరద రాకుండా నదిని లోతు చేసి, మెలికలు కోసేసి తిన్నగా చేశారు. పాత మ్యాపులో చూస్తే ఆ నది జారవిడిచిన తాడులా ఉంటుంది. ఇప్పుడు మీరు నడిచే గట్టు ఆ తవ్వకం తర్వాతదే. మెలికలు పోయి అరవై ఏళ్లు, మెలికలవాళ్లు అనే పేరు మాత్రం మీ వీధి బోర్డు మీదే ఉంది. పాత మ్యాప్ స్కాన్ కాపీ మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను, బాబుకి ప్రింట్ తీసి ఇవ్వండి.

నీటిచుక్క | శుక్రవారం, సాయంత్రం 5:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈరోజు ఇచ్చేశాడు.

చివరికి ఐదు ఇవి: హాచు, హహాచు, హ్వల్చ్, సమామిష్ నది, బ్లాక్ రివర్. మొదటి మూడింటికీ వాళ్ల లిపిలోనే పేర్లు రాశాడు, ఆడియో పెట్టుకుని రెండు రాత్రులు పలికాడు. హాచు చివర ఆగుడు వాడికి నాకంటే బాగా వచ్చింది. సమామిష్‌కి రెండు రంగులు వాడాడు. ఇప్పటి తిన్నటి నది నీలం, పాత మెలికలు ఆకుపచ్చ. బ్లాక్ రివర్‌కి చుక్కల గీత, పక్కన ఒక చేప. కింద తెగల పేర్లు రాసి "వీళ్లు ఇక్కడ ఉన్నారు" అని రాశాడు.

సాయంత్రం నడకకి వెళ్తే ప్రతి మలుపులోనూ, అంటే మలుపు ఉండాల్సిన చోటల్లా, ఆగి చూపించాడు. చీకటి పడ్డాక ఇల్లు చేరాం.

రెంటన్‌వాసి గారూ, బ్లాక్ రివర్ ఉన్న చోటు చూడాలని ఒకటే గొడవ. అక్కడ చూడటానికి ఏమైనా మిగిలిందా?

రెంటన్‌వాసి | శుక్రవారం, రాత్రి 8:45

మిగిలిందండీ. చిన్న ముక్క. రెంటన్‌లో బ్లాక్ రివర్ రైపేరియన్ ఫారెస్ట్ అని ఉంది. పక్క వాగు నీళ్లు అక్కడ నిలుస్తాయి. పెద్ద నీలి కొంగలు చెట్ల మీద గుంపుగా గూళ్లు కడతాయి, కాబట్టి గట్టిగా మాట్లాడకూడదని బాబుకి ముందే చెప్పండి. అక్కడి నుంచి కొద్ది దూరంలో, టక్విలాలో ఫోర్ట్ డెంట్ పార్క్ దగ్గర, ఆ మిగిలిన పాయ గ్రీన్ నదిలో కలుస్తుంది. గ్రీన్ అనే పేరు ఆగి డువామిష్ అనే పేరు మొదలయ్యేది అక్కడే. నిలబడి చూస్తే రెండు నీళ్లూ కలవడం కనిపిస్తుంది.

ఆదివారం ఉదయం తొమ్మిదికి నేను ఖాళీ. వర్షం పడేలా ఉంది, బాబుకి బూట్లు వేయండి. మ్యాప్ టీచర్ తిరిగిచ్చి ఉంటే అది కూడా తీసుకురండి.

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 9:03

నేనూ వస్తాను. కారులో మరో ముగ్గురికి చోటుంది, బెల్వ్యూ నుంచి ఎవరైనా వస్తారా?